మిగులు ఆసక్తుల పంపకం

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. మా అమ్మాయిని ఎవరైనా "నీకేం ఇష్టం?" అని అడిగితే, అది "మీ ఇష్టం" అంటుందేమోనని. ఆ మాట నేను అన్నాను, తొమ్మిదో తరగతి మధ్యలో నన్ను బడి మానిపించి పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన రోజు. తర్వాత ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి, జవాబు మార్చుకునే అవకాశం రాలేదు.

మనిషికి ముక్కు ఒక్కటే ఉన్నట్టు ఆసక్తి కూడా ఒక్కటే ఉండాలన్నది సృష్టి నియమం. సృష్టి పొరపాటు పడిన చోట దిద్దడానికి సూర్యాపేటలో ఆసక్తుల క్రమబద్ధీకరణ కార్యాలయం ఉంది. (మాది మిర్యాలగూడ. జిల్లా వేరైనా, ఆసక్తుల మట్టుకు మమ్మల్ని సూర్యాపేటలో కలిపారు. ఎందుకని అడగడానికి వేరే ఫారం ఉందట.)

మా కృపారాణి ఈ ఏడు పదో తరగతి పాసైంది. వాళ్ల నాన్న సాంసన్ పనిచేసే రైస్ మిల్లుకు టిఫిన్ పట్టుకెళ్లి, గేటు దగ్గరే నిలబడి, చప్పుడు విని ఏ మోటారుకు బేరింగ్ పోయిందో చెబుతుంది. నాట్లప్పుడు మళ్లలో దిగే కొంగలను పాత క్యాలెండర్ల వెనక గీస్తుంది. చర్చిలో చిన్నపిల్లలకు పాటలు కట్టి నేర్పుతుంది. ఈ మూడూ కలిసే చదువు ఏదైనా ఉంటే కనుక్కుందామని సూర్యాపేట బస్సెక్కాను.

అక్కడ మిగులు ఆసక్తుల ఉప పరిశీలకులు జగన్మోహన్ గారు మా ఫారం చదివి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివారు.

"ఏందమ్మా, ఒక్క పిల్లకు మూడా?"

మూడూ కలిపి ఏదో ఒక కోర్సు ఉండకపోతుందా అన్నాను.

"కలిపితే ఖిచిడీ అయితది. ఖిచిడీకి మా కంప్యూటర్ల కోడ్ లేదు."

ఒకటి ఉంచుకుని మిగతావి పదిహేను రోజుల్లో ఆఫీసుకు అప్పగించాలట. లేదా ఇంట్లో ఆసక్తి లేకుండా ఖాళీగా ఉన్నవారి పేరు మీదికి మార్పించుకోవచ్చట. అప్పగించినవి ఏమవుతాయని అడిగితే, వెనక గదిలో భద్రంగా ఉంటాయన్నారు. తలుపు సందులోంచి చూశాను. ఎవరిదో ఒక మృదంగం కనిపించింది.

ఇంటికి వచ్చి చెబితే మా అత్తమ్మ సుందరమ్మ నవ్వింది. ఆమె పాలకీడు దగ్గర కూలి చేసుకునే వాళ్లింట్లో పుట్టింది. ఇలాంటివన్నీ ఆమెకు పాతవే.

"భూమికి సీలింగ్ వచ్చినప్పుడు దొర ఏం చేసిండు? జీతగాళ్ల పేరు మీద రాయించిండు. మా నాయన పేరు మీద పన్నెండెకరాలు ఉండెనట. సచ్చేదాకా ఆయనకే తెల్వదు. మనం గూడ గట్లనే రాస్తే అయిపాయె."

పెద్దల అనుభవం ఊరికే పోదు. పెన్ను నేనే పట్టుకున్నాను. కొంగలు అత్తమ్మకు, పాటలు సాంసన్‌కు, మోటార్లు నాకు. ముగ్గురం, మూడు. శేషం సున్న. బడి మానేశాక ఇంత చక్కగా కుదిరిన భాగహారం ఇదే అని మురిసి సంతకం పెట్టాను. ఆ సున్న ఎవరి వాటాకు వచ్చిందో చూసుకోలేదు.

వారం తిరక్కుండా క్షేత్ర పరిశీలకుడు వేణు ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. ఆసక్తి బినామీ కాదని రుజువు కావాలి. అత్తమ్మ కొంగ పక్కన నిలబడి ఫోటో దిగాలి. ఆమె నిలబడింది, కొంగ నిలబడలేదు. మూడో రోజుకు రెండూ ఫ్రేములోకి వచ్చాయి. సాంసన్ మిల్లు గేటు దగ్గర పాడాడు. హమాలీలు బస్తాలు దించి విన్నారు. వేణు "తాత్కాలికంగా ఆమోదం" అని రాసుకున్నాడు. నన్ను మోటార్ల ముందు నిలబెట్టారు. కళ్లు మూసుకుని, రెండోదాని బెల్టు వదులైందన్నాను. విప్పి చూస్తే నిజమే. (నాకెలా తెలిసిందో నాకే తెలియదు. ఎనిమిదో తరగతిలో సైన్సు పీరియడ్ కోసం వర్షంలో కూడా బడికి పోయేదాన్నని ఆ సాయంత్రం గుర్తొచ్చింది. పరిశీలకుడికి చెప్పలేదు.)

మార్పిడి ఖాయమయ్యాక మరో నియమం తెలిసింది. ఒకరి పేరు మీదున్న ఆసక్తిని మరొకరు వాడితే అది ఆక్రమణ. కృపారాణి మొదటి రోజు నవ్వింది. రెండో రోజు కొంగను గీస్తున్న నానమ్మ వెనక నిలబడి, కొంగ మెడ అట్ల కాదు ఇట్ల అని వేలితో గాలిలో చూపించింది. మూడో రోజు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సర్టిఫికెట్ తీసుకోవడానికి సూర్యాపేట వెళ్తే జగన్మోహన్ గారు లేచి నిలబడ్డారు. అందులో "అభ్యర్థి ఆసక్తులు: లేవు" అని ఉంది.

"ముప్పై ఏండ్ల సర్వీసుల గింత క్లీన్ పిల్లను సూడలే. గిసుంటోళ్ల కోసమే కోదాడల హాస్టళ్లు కట్టిన్రు."

ప్రవేశ పరీక్ష కూడా లేకుండా కోదాడలో హాస్టల్‌తో పాటు ఇంటర్ సీటు వచ్చింది. పొరపాటైంది సార్, ఒకటి వెనక్కి రాసిస్తాం అన్నాను. రాసివ్వవచ్చట. కాని అమ్మాయే స్వయంగా ఆసక్తితో దరఖాస్తు చేయాలి. ఆసక్తి లేదని సర్టిఫికెట్ పొందినవారు ఆసక్తితో దరఖాస్తు చేయడం నేరం. పైగా అత్తమ్మ కూడా ఇప్పుడే ఇవ్వనంటోంది. "ఇయ్యనని కాదు. ఆ తెల్ల కొంగ కాలు కుంటుతున్నది, జర మంచిగ కానియ్యి" అంటుంది. తెల్లారకముందే చేప ముక్కలు తీసుకుని మడి గట్టుకు పోతుంది. అరవై అయిదేళ్లలో ఆమె పేరు మీద రాసిన మొదటి ఆస్తి.

హాస్టల్‌లో ఆదివారం అయిదు నిమిషాలు ఫోన్ ఇస్తారు. పోయిన వారం, సెలవులకు వస్తే ఏం వండమంటవు బిడ్డా అని అడిగాను. చికెనా, పప్పుచారా, లేక బియ్యప్పిండి రొట్టెలా అని కూడా అడిగాను.

"నీ ఇష్టం అమ్మా," అంది.

మర్నాడు ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మీ అమ్మాయి ప్రగతి అత్యుత్తమం, తల్లిదండ్రులకు అభినందనలు.

మీలో ఎవరైనా కోదాడ మీదుగా విజయవాడ పోతుంటే, దయచేసి బైపాస్ పక్కన ఆ ఆకుపచ్చ గేటు హాస్టల్ దగ్గర కాసేపు ఆగండి. లోపల నీళ్ల మోటారు ఒకటి కీచుమంటూ ఉంటుంది. సాయంత్రం ఆడపిల్లలు వరసగా దాని పక్కనుంచే ట్యూషన్‌కు పోతారు. వరసలో నాలుగోది, ఎడమ చెవికి చిన్న మచ్చ ఉన్న పిల్ల, ఆ చప్పుడు వైపు తల తిప్పుతుందో లేదో చూసి నాకు చెప్పండి. తిప్పితే మాత్రం ఆఫీసుకు చెప్పకండి. మోటార్లు నా పేరు మీద ఉన్నాయి, పిల్ల మీద కేసు రాస్తారు.