పెద్దగుండు సామి చెప్పిన పేరు

2013 వానాకాలం నాటికి, గౌడవెల్లి దాటి రెండు మలుపులు తిరిగితే వచ్చే ఆ ఊళ్ళో అందరూ మాట వినే పెద్దమనిషి ఒక్కడే మిగిలాడు. ఆయన చైనావాడు. నున్నటి గుండు, తెల్ల కనుబొమ్మలు, బొడ్డు దాకా దిగే గడ్డం. ఆ గడ్డం అతికించినదనీ, గాలి వీచినప్పుడల్లా ఎడమవైపు జిగురు ఊడివస్తుందనీ ఊరందరికీ తెలుసు. అందువల్ల ఆయన గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు. పెద్దమనుషులకు ఏదో ఒకటి అతికించే ఉంటుందని జనం ఎప్పుడో సమాధానపడ్డారు.

ఆయన్ని ఊళ్ళోకి తెచ్చినవాడు కుతుబుద్దీన్. ఊరికి కేబుల్ కనెక్షన్లు ఇచ్చేది అతనే. మిగతా ఛానళ్ళన్నీ ఆకాశంలోంచి దిగేవి గానీ ఒక్క ఛానల్ మాత్రం అతని ముందుగదిలోంచి బయలుదేరేది. అందులో రోజూ సాయంత్రం ఓ పాత కుంగ్‌ఫూ సినిమా వేసేవాడు. కొత్త సినిమాలు వేస్తే కేసులవుతాయి. ఈ గుండు సాముల సినిమాలు తీసినవాళ్ళు తీసిన సంగతే మరిచిపోయి ఉంటారని అతని ధైర్యం. శామీర్‌పేట చెరువు చూడవచ్చేవాళ్ళ కోసం రోడ్డు పక్కన నిలిపే ఓ బండి మీద ఆ సీడీలు కుప్పగా దొరికేవి. పక్క బండి పుణ్యాన అన్నిటికీ వేయించిన చేపల వాసన ఉండేది.

కథ అన్నింట్లోనూ ఒకటే. కొండమీది మఠంలో గుండు సాములు నీళ్ళు మోస్తూ, గాల్లోకి తన్నుతూ ప్రశాంతంగా బతుకుతుంటారు. జడ వేసుకున్న దొర ఒకడు సైన్యంతో వస్తాడు. పెద్దగుండు సామిని చంపుతాడు. శిష్యుడు మరికొన్ని నీళ్ళు మోసి, మరికొంత తన్ని, చివరకు దొరను చంపుతాడు. బడ్జెట్టు తక్కువ గనక చచ్చిన సాములే లేచి ఇంకో పక్కనుంచి పరుగెత్తుకొచ్చి మళ్ళీ చచ్చేవారు. వెయ్యేళ్ళ కిందటి సామి చేతికి గడియారం ఉండేది. వెయ్యేళ్ళ కిందటి కొండ వెనక కరెంటు తీగ వేలాడేది. ఊరివాళ్ళు దాన్ని తప్పుగా ఎంచలేదు. వాళ్ళకు వెయ్యేళ్ళ కిందనే కరెంటుంటే మనకు ఇప్పటికీ సక్కగ లేదని సబ్‌స్టేషన్ వాళ్ళను తిట్టుకున్నారు.

ఇబ్బందల్లా భాషతో వచ్చింది. చైనా మాట ఇంగ్లీషులోకీ, అక్కణ్ణుంచి హిందీలోకీ దొర్లుకుంటూ వచ్చేసరికి అందులో మాట మిగల్లేదు. కుతుబుద్దీన్ సౌండు పూర్తిగా తీసేసి, మైకు పట్టుకుని తానే తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. మగవాళ్ళందరికీ గొంతు అతనిది. ఆడవాళ్ళకూ, గుర్రాలకూ, దెబ్బలకూ అతని భార్య సాలేహా. పాత బొంతను కర్రతో బాదితే గుద్దు, చేటతో విసిరితే గాల్లో ఎగిరిన చప్పుడు. మొదటి వారం ఇరుగుపొరుగు, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారనుకుని విడిపించడానికి వచ్చారు. వచ్చి, కొట్టేది ఆమె అని తెలిశాక కూర్చుని సినిమా చూసి వెళ్ళారు.

ఇంకో చిక్కు. తెలుగు మాట అయిపోయినా చైనా పెదవులు ఆగవు. నోరు ఆడుతుంటే గొంతు లేకపోతే జనానికి అనుమానం వస్తుంది. అందుకని కుతుబుద్దీన్ ఆ ఖాళీలో ఊరి కబుర్లు పోయడం అలవాటు చేసుకున్నాడు. మొట్టమొదట పెద్దగుండు సామి దొర ఎదుట నిలబడి, "నీ వంశం నాశనం అయితదిరా పాపాత్ముడా!" అని గర్జించి, అప్పటికీ పెదవులు ఆగకపోవడం వల్ల, "రేపు పొద్దుగాల ట్యాంకరొస్తది, బిందెలు వరుసల వెట్టుకోండ్రి" అన్నాడు.

మర్నాడు పొద్దున ట్యాంకరు వచ్చింది.

అది చాలు. అదే ట్యాంకరు సంగతి పంచాయతీ వాళ్ళు డప్పు కొట్టించి చెప్పినప్పుడు ఏ రోజూ నలుగురు కదల్లేదు. సామి చెప్పాక తెల్లారకముందే బిందెలు బారులు తీరాయి. ఆ తరువాత ఆయన విషపు బాణం తగిలి మూలుగుతూ పిల్లలకు పోలియో చుక్కలు వేయించమన్నాడు, ఊళ్ళో చుక్క పడని పసిపిల్ల ఒక్కరూ మిగల్లేదు. ఒంటికాలి మీద నిలబడి గాలికుంటు సూదుల సంగతి చెప్పాడు, ఆదివారం బడి ముందు బర్రెలకు చోటు చాల్లేదు. సర్పంచి పదవీకాలం ముగిసి రెండేళ్ళయినా ఎన్నికలు రాని ఆ రోజుల్లో ఊరిని నడిపించింది ఎవరంటే, ప్రత్యేకాధికారి అని కాగితం మీద ఉంటుంది.

ముసలి ఐలమ్మ అయితే టీవీకి దండం పెట్టేది. పగలు వచ్చి సాలేహాకు తన కష్టం చెప్పుకునేది, సాయంత్రం సామి నోట జవాబు వినేది. ఒకరోజు కుతుబుద్దీన్ ఉండబట్టలేక అడిగాడు.

"అవ్వా, మాట్లాడేది నేనని నీకు ఎరికే గదా?"

"ఎరికే బిడ్డా," అంది ఐలమ్మ నిమ్మళంగా. "గొంతు నీదే. మాట ఆయనది."

ఇంత పలుకుబడి ఉన్న మనిషిని ఎన్నికలు వస్తే ఎవరూ ఊరికే వదలరు. పంచాయతీ ఎన్నికల ప్రకటన వెలువడగానే సర్పంచి పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు సుధాకర్. పొలాలకు గులకరాళ్ళ రోడ్లు వేసి, కమాను కట్టి, ప్లాట్లుగా అమ్మి ఊరికి సేవ చేసినవాడు. గుర్తు కత్తెర. రెండోవాడు జనార్ధన్. లోగడ ఒకసారి సర్పంచిగా ఉండి, చేయవలసిన సేవ ఇంకా మిగిలి ఉందని భావించినవాడు. గుర్తు ఉంగరం.

సుధాకర్ ముందుగా వచ్చాడు. చాయ్ తాగి, బొంతనూ చేటనూ పరిశ్రమల మంత్రిలాగా పరిశీలించి, విషయానికి వచ్చాడు.

"భాయ్, పెద్దగుండు సామితోని నా గురించి రెండు మాటలు చెప్పియ్యాలె."

"చెప్పొచ్చు సార్. గని సామి నడుమల సచ్చిపోతడు."

"ఎందుకు సస్తడు?"

"ఆయన సావకుంటే శిష్యునికి పని లేదు సార్. ప్రతి సినిమాల సస్తడు."

సుధాకర్ ముఖం గంభీరమైంది. "నా తరఫున మాట్లాడినోడు సచ్చిండంటే శకునం మంచిగుండది. ఎలక్షనయ్యేదాంక సావొద్దని చెప్పు." లేచి గుమ్మం దగ్గర ఆగి, తలెత్తి బయట కరెంటు స్తంభాన్ని చూశాడు. "నీ వైరు ఎవరి పర్మిషన్‌తోని గుంజినవు భాయ్? లేదా? ఉండనీ. గెలిచినంక సూద్దాం."

ఆ స్తంభాల మీది వైరే కుతుబుద్దీన్ ఇంట పొయ్యి వెలిగించేది. పంచాయతీ చూసీ చూడనట్టు ఉన్నన్నాళ్ళే అది ఉంటుంది. సర్పంచి కన్నెర్ర చేస్తే నిచ్చెన వేయడం, కటింగ్ ప్లేయర్ తీయడం ఒక్క పూట పని.

ఆనాటి నుంచి సామి చావు మానుకున్నాడు. దొర కత్తి ఎత్తే సమయానికి సినిమా ఆగిపోయేది. ప్రతి సాయంత్రమూ ఆయన సమాధి స్థితిలో కూర్చుని, ఆత్మ నిగ్రహం గురించి ఒక ముక్కా కత్తెర గుర్తు గురించి నాలుగు ముక్కలూ చెప్పేవాడు. విదేశీయుడు మన ఎన్నికల్లో ప్రచారం చేయవచ్చునా అని సుధాకర్‌కు సందేహం వచ్చి, శామీర్‌పేటలో లా చదివే కుర్రవాణ్ణి ఒకణ్ణి అడిగించాడు. ఆ కుర్రవాడు లోతుగా ఆలోచించి, వెయ్యేళ్ళ కిందటి మనిషి గనక వీసా నిబంధనలు వర్తించవని అభిప్రాయం ఇచ్చాడు.

ఊళ్ళో మాత్రం అసహనం మొదలైంది. ఫ్యాక్టరీ డ్యూటీ దిగి బండి మీద వస్తూ పరమేశ్ గుమ్మం ముందు ఆగి నిలదీశాడు. "ఏంది కుతుబన్నా, ఆ చిన్నగుండు పోరడు ఎన్నడు జూసినా నీళ్ళే మోస్తుండు. పగ ఎప్పుడు తీర్చుకుంటడు?"

"పోలింగ్ అయినంక," అన్నాడు కుతుబుద్దీన్.

ఆ తరువాత జనార్ధన్ వచ్చాడు. ఆయనా చాయ్ తాగాడు. ఆయనా స్తంభం వైపు చూశాడు. సామిని ఎదుటివాడు పట్టుకుపోయాడు గనక మిగిలినవాళ్ళలో ఎవరున్నారని అడిగాడు.

"జడ దొర ఉన్నడు సార్," అన్నాడు కుతుబుద్దీన్. "పెద్ద మహలున్నది. గుర్రాలున్నయి. నవ్వు మస్తుంటది."

జనార్ధన్ ఆ ఆలోచనను వెంటనే తోసిపుచ్చలేదని ఆయనకు న్యాయం చేయడానికి చెప్పాలి. "నవ్వు నేను గూడ విన్న. మంచిగనే ఉన్నది. గని ఆఖరికి ఓడిపోతడు గదా?"

"ఆఖరిదాంక మనం వేస్తలేం గదా సార్."

జనార్ధన్ రెండో చాయ్ అడిగి తాగాడు. తనకు అభ్యంతరం లేదు గానీ, ఇంట్లో ఆడవాళ్ళు జడ విషయంలో ఒప్పుకోరని తేల్చాడు. "వద్దు భాయ్. నాకు పెద్దగుండే కావాలె. పోలింగ్ ముంగటి దినం ఆయన నా పేరు చెప్పాలె. చెప్పలేదనుకో, నీ వైరు సుట్టి నీ చేతులనే పెడ్త."

సుధాకర్‌కు ఇది చేరింది. ఆ రోజు సామి తన పేరు తప్ప ఇంకో పేరు ఎత్తితే వైరుతో పాటు డిష్షు కూడా ఉండదని కబురంపాడు. కుతుబుద్దీన్‌కు అన్నం సహించలేదు. ఆ సాయంత్రం దొరకూ సామికీ గొంతులు తారుమారై, దొర బ్రహ్మచర్యం గురించి ఉపన్యసించాడు. ఎవరూ గమనించలేదు.

అతని అదృష్టం కొద్దీ, ఎన్నికల నియమావళి చూసే అధికారి ఒకరు ఊళ్ళోకి వచ్చారు. ఫిర్యాదు అందిందట. ఆయన కుర్చీ వేయించుకుని సినిమా ఆగేంత వరకూ చూశారు. సాలేహా బొంత బాదినప్పుడల్లా ఉలిక్కిపడ్డారు. చివర లేచి, నిలబడి, ఉన్న నలుగురినీ ఉద్దేశించి ఉత్తర్వు చదివినట్టు చెప్పారు.

"ప్రచార గడువు ముగిసిన పిమ్మట సదరు స్వామీజీ, జీవించి ఉన్నప్పటికిన్నీ, మరణించి ఉన్నప్పటికిన్నీ, ఏ అభ్యర్థికిన్నీ అనుకూలముగా గానీ ప్రతికూలముగా గానీ మాట్లాడరాదు. తన్నుకొనుటకు అభ్యంతరము లేదు."

కుతుబుద్దీన్ ప్రాణం లేచివచ్చింది. ఆ రోజు సినిమానే వేయనని ఇద్దరికీ చెప్పి పంపాడు. ఇద్దరూ ఒకే జవాబు పంపారు. ఆ రోజు సామి కనబడకపోతే ఎదుటివాడికి అమ్ముడుపోయాడని జనం అనుకుంటారు, కనుక కనబడి తీరాలి.

"మాట్లాడితే కేసు. మాట్లాడకుంటే వైరు వాయె," అని అతను తల పట్టుకున్నాడు.

సాలేహా బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అంది. "అజీ, ఎందుకింత పరేషాన్? సినిమా పెట్టు, మైకు బందు చెయ్. పెదాలు వాటంతటవే ఆడుతయి."

"జనం ఊకుంటరా?"

"జూడు నువ్వు."

పోలింగ్ ముందు రోజు సాయంత్రం సినిమా వేశాడు. మైకు తీసి గూట్లో పెట్టాడు. సాలేహా బొంతను మడత పెట్టేసింది. ఊరంతటా టీవీల్లో గుండు సాములు చప్పుడు లేకుండా నీళ్ళు మోశారు, చప్పుడు లేకుండా తన్నారు. పెద్దగుండు సామి ముందుకు వచ్చి, కెమెరాలోకి చూసి, తెల్ల గడ్డం ఊగుతుండగా చాలాసేపు పెదవులు ఆడించాడు. గొంతు లేదు. చేట గాలి కూడా లేదు. కుతుబుద్దీన్ గుమ్మంలో కూర్చుని ఎవరొచ్చి తిడతారా అని చూశాడు. ఎవరూ రాలేదు.

మరునాడు ఓటుకు బారులు తీరిన జనం బహు ప్రశాంతంగా కనిపించారు. ఇంత స్పష్టంగా సామి ఎప్పుడూ చెప్పలేదని ఒకరితో ఒకరు అనుకున్నారు. కత్తెర వాడకట్టులో కత్తెర అన్నాడు. ఉంగరం వాడకట్టులో ఉంగరం అన్నాడు. పరమేశ్ ఇంట్లో అతనికి ఒకటీ, అతని భార్య సత్తమ్మకు మరొకటీ అన్నాడు, ఇద్దరూ ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చుని ఒకే టీవీ చూశారు. మధ్యాహ్నానికే లెక్కింపు మొదలై, పొద్దు గుంకక ముందే జనార్ధన్ గెలిచినట్టు తేలింది. సుధాకర్ మనిషి వచ్చి, "సామి మా పేరే జెప్పిండు భాయ్, మీ తప్పేం లేదు. జనమే మాట తప్పిండ్రు," అని చెప్పి వెళ్ళాడు. డిష్షు జోలికి రాలేదు.

అంతటితో ఊరుకుంటే కుతుబుద్దీన్ బుద్ధిమంతుడే. కానీ గండం గడిచిన మనిషికి నోరు ఊరుకోదు. అప్పుడే ఐలమ్మ వచ్చి, నిన్న సామి ఎంత బాగా చెప్పాడో వర్ణిస్తుంటే నవ్వు ఆపుకోలేక నిజం చెప్పేశాడు.

"అవ్వా, నిన్న మైకే లేదు. సామి ఒక్క మాట గూడ మాట్లాడలే."

ఐలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. కోపం రాలేదు. జాలి పడింది. "చెవులార విన్న బిడ్డా. నీకు వినవడలేదా? అయ్యో! మేడ్చల్‌ల చెవుల డాక్టరున్నడట, జల్దీ పో." బయటికి నడిచి, ఎదురైన ప్రతివారికీ ఆ దుర్వార్త చెప్పింది.

డప్పులతో, గులాలుతో జనార్ధన్ ఊరేగింపు ఆ వీధిలోకి మలుపు తిరిగేసరికి, కుతుబుద్దీన్‌కు చెవుడు వచ్చిన సంగతి ఊరేగింపుకు తెలిసిపోయింది. డప్పులు ఆగాయి. కొత్త సర్పంచి దండలోంచి మెడ బయటికి తీసి అడిగాడు.

"ఏంది భాయ్, సామి ఏం మాట్లాడలేదన్నవంట?"

వెనకనుంచి ఎవరో అన్నారు. "చెవులు వినవడనోనికి చానలెందుకన్నా? మా బామ్మర్ది నడిపిస్తడు."

ఇంకెవరో నిచ్చెన సంగతి కూడా ఎత్తారు. కుతుబుద్దీన్ స్తంభం వైపు చూశాడు. వైరు ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నగా, నల్లగా సాగి ఉంది.

"విన్న సార్," అన్నాడు. "మీ పేరే జెప్పిండు."

గుమ్మంలోంచి సాలేహా అందుకుంది. "రెండుసార్లు చెప్పిండు సర్పంచి సాబ్. రెండోసారి చెప్పేటప్పుడు ఈన చాయ్ తాగుతుండె."

డప్పులు మళ్ళీ మోగాయి. జనార్ధన్ కుతుబుద్దీన్ నుదుటికి గులాలు పూసి, ఆ వైరు ఊరి ఆస్తి అనీ, దాని మీద చెయ్యి వేసినవాడు ఊరి శత్రువనీ ప్రకటించి ముందుకు సాగాడు. జనం వెళ్ళిపోయాక కుతుబుద్దీన్ అరుగు మీద కూర్చుని, నిన్నటి సామి పెదవులను మనసులో మరొక్కసారి ఆడించి చూసుకున్నాడు. ఈసారి నిజంగానే జనార్ధన్ అన్నట్టే ఉంది. ఆ 'ధ' దగ్గర గడ్డం కాస్త ముందుకు రావడం కూడా గుర్తుకొచ్చింది. రాత్రి అన్నం బాగానే సహించింది.

ఆ సీడీ ఇప్పటికీ శామీర్‌పేట బండి మీద దొరకవచ్చు. దొరికితే తెచ్చి, సౌండు తీసేసి చూడండి. సామి మీకు ఎవరి పేరు చెప్పాడో మాత్రం బయట అనకండి. ఓటు రహస్యం కదా.