స్త్రీవాదం క్లాసులో బటన్ నొక్కే పని

పాఠం చెప్పని లెక్చరరే ఉత్తమ లెక్చరర్! ఈ మాట మీకు మింగుడుపడకపోతే, మీరు మా నిజామాబాద్ కాలేజీలో ఎం.ఏ. తెలుగు చదవలేదన్నమాట.

మా ఆత్మారాం సారు సాహిత్య సిద్ధాంతాల పేపరు చెబుతారు. అంటే, చెప్పరు. మొదటి రోజే మమ్మల్ని గ్రూపులుగా విడదీసి, తలో సిద్ధాంతం అంటగట్టి, "ఇగ మీరే ప్రెజెంటేషన్ ఇయ్యిండ్రి, నేను వింట" అని వెనక బెంచీలో ఫ్యాను కింద స్థిరపడ్డారు. ఎంతటి త్యాగం!

పాఠం వింటే సిద్ధాంతం చెవి దాకానే వస్తుంది. గ్రూపులో పడితే ఒంటబడుతుంది. మార్క్సిజం గ్రూపునే చూడండి. చదివింది, రాసింది, స్లైడ్లు చేసింది బోధన్ నుంచి బస్సులో నిలబడి వచ్చే నాగేందర్ ఒక్కడే. మార్కులు మాత్రం గ్రూపంతటికీ సమానం! శ్రమ దోపిడీని అతనికి ఇంతకన్నా బాగా ఎవరు బోధించగలరు?

ఇక స్త్రీవాదం. ఆ గ్రూపులో భానుప్రసాద్, విష్ణు, చందూర్ నుంచి వచ్చే వినీత. ముగ్గురి పనీ వినీతే చేసింది. తీరా ఆ రోజు భానుప్రసాద్ కోటు తొడుక్కొచ్చి మైకు అందుకున్నాడు.

"నీకు భయమైతది గద వినీతా! ల్యాప్‌టాప్ కాడ కూసొని బటన్ నొక్కు. మేం మాట్లాడతం."

వినీత కూర్చుంది.

"తరతరాలుగా స్త్రీ గొంతు నొక్కేశారు!" అని భానుప్రసాద్ గర్జించి, ఆమె వైపు చిటికె వేశాడు. "నెక్స్ట్!"

స్లైడ్ మారింది. మళ్లీ గర్జన, మళ్లీ చిటికె. ఈసారి స్లైడ్ కదల్లేదు.

"బటన్ ఖరాబైందా?"

"బటన్ మంచిగనే ఉంది. నేనే నొక్కుతలేను. వచ్చే స్లైడ్ల ఏమున్నదో సూడకుండ చెప్పు."

భానుప్రసాద్ విష్ణు వైపు చూశాడు. విష్ణు తన బూట్ల వైపు చూసుకున్నాడు. నేను మాత్రం వెనక బెంచీలో ఉన్న సారు వైపు చూశాను. ఇంటర్నల్ మార్కులు సారు చేతిలో ఉన్నాయి మరి! గ్రూపు పరువు తీసిన పిల్లను సారు ఊరికే వదులుతారా?

వినీత లేచి వెళ్లి మైకు తీసుకుంది. ల్యాప్‌టాప్ మూసేసింది.

"మా అవ్వ బీడీలు చేసుకుంట పాటలు కడతది. వాడకట్టంత పాడతరు. మన సిలబస్‌ల గసొంటి పాట ఒక్కటి గూడ లేదు. ఎందుకు లేదు? ఏది సాహిత్యమో ఎవలు తేల్చిండ్రు?"

మొదట్లో ఆమె గొంతు వణికింది. తర్వాత వణకలేదు. పెద్ద పెద్ద సిద్ధాంతాలను వాళ్ల వాకిట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది. బెల్లు కొట్టినా ఒక్కరమూ కదల్లేదు. సారైతే ఫోను పక్కన పెట్టేశారు! చివరికి లేచి ముందుకొచ్చారు. కళ్లు చెమర్చాయి.

"శభాష్! గింత మంచిగ నీకు ఎవరు చెప్పిండ్రమ్మా?"

వినీత మైకు బల్ల మీద పెట్టింది.

"ఎవలూ చెప్పలే సార్. చెప్తరనే కాలేజీకొచ్చిన."

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"సరే, రేపు ఏ గ్రూపున్నది?"