పద్నాలుగో మడి

జాతి, వర్ణ, దేశ భేదాలను భూమ్మీద పూర్తిగా రూపుమాపిన సంస్థ ఏదైనా ఉందంటే అది మా నెదర్‌బీ కూరమళ్ల సంఘం ఒక్కటే. ఐక్యరాజ్యసమితి వారు ఇంకా ప్రయత్నాల్లోనే ఉన్నారు. మేము ఆ పని పూర్తిచేసి గేటు మీద ఆకుపచ్చ రంగుతో బోర్డు కూడా రాయించాం: "ఇక్కడ అందరికీ స్వాగతం." (దాని కింద చిన్న అక్షరాల్లో "సభ్యులు కానివారు లోపలికి రాకూడదు" అని ఉంటుంది. అది కుక్కల గురించి.)

మేము దీన్ని సాధించిన పద్ధతి చాలా సులువు. ఆ సంగతి ఎత్తకపోవడమే. ఇంగ్లండులో ఏ సమస్య వచ్చినా ముందు చూడనట్టు ఉంటాం, తర్వాత టీ పెట్టుకుంటాం, అప్పటికీ పోకపోతే ఉపసంఘం వేస్తాం. నేను ఈ సంఘానికి పందొమ్మిదేళ్లుగా కార్యదర్శిని. పేరు డెస్మండ్ ఫ్లిట్‌క్రాఫ్ట్. నా ఒంట్లో జాతి ద్వేషం ఇసుమంతైనా లేదు. అనుమానముంటే నన్నే అడగండి.

రైలు కట్ట పక్కన మావి నలభై మళ్లు. నేల పురపాలక సంఘానిది, పెత్తనం మాది. ఊళ్లో ఎవరికి కూరలు పండించుకోవాలని ఉన్నా మా జాబితాలో పేరు రాయించుకుని, ఉన్న సభ్యుల్లో ఎవరైనా పోయేదాకానో, ఎవరి నడుమైనా పట్టేసేదాకానో ఎదురుచూడాలి. జాబితాలో ముందున్నవారికే ముందు. ఈ నియమం విషయంలో మేము ప్రాణాలైనా ఇస్తాం.

మెర్లీన్ యర్‌వుడ్ పదకొండేళ్ల క్రితం పేరు రాయించుకోవడానికి వచ్చింది. ఊళ్లో తొమ్మిదో నంబరు బస్సును ముప్పై ఒక్క సంవత్సరాలు నడిపిన మనిషి. రిటైరవడానికి నెల ముందు వచ్చింది. నాలుగో అంతస్తులో కాపురం. బాల్కనీలో రెండు బకెట్లలో బంగాళాదుంపలు వేసేది. చేతికి మట్టి కావాలని ఉంది, అంతే. మా అధ్యక్షురాలు హిలరీ థ్రెల్‌ఫాల్ ఆవిణ్ణి ఎంతో ఆదరంగా కూర్చోబెట్టింది.

"మీది ఏ ఊరండీ?"

"ఈ ఊరే. స్టేషన్ వెనక వీధి."

"అహఁ, అది కాదండీ. అసలు ఊరు?"

"అసలూ అదే, నకిలీ కూడా అదే."

"అంటే... అంతకు ముందు?"

"అంతకు ముందు మా అమ్మ కడుపులో ఉన్నానమ్మా. అక్కడ మడులిచ్చేవారు కాదు."

హిలరీ హాయిగా నవ్వి, "మీ ఇంగ్లీషు ఎంత చక్కగా ఉందండీ!" అంది. మెర్లీన్ కూడా నవ్వి, "మీది కూడా ఫరవాలేదు" అంది. ఈ ముచ్చటంతా అయ్యాక హిలరీ దరఖాస్తులో "స్వస్థలం: నిర్ధారణ కాలేదు" అని రాసింది. హిలరీ ఇరవై రెండేళ్లు మెర్లీన్ బస్సులోనే గ్రంథాలయానికి వెళ్లివచ్చింది. బస్సులో ఉన్నప్పుడు ఆ ప్రశ్న పుట్టలేదు. బస్సు సరైన టైముకి రావడమే చాలు కదా.

మెర్లీన్ పేరు జాబితాలో రెండేళ్లకే పైకి వచ్చేసింది. అదే మాకు చిక్కు తెచ్చిపెట్టింది.

మొదట ముప్పై ఒకటో మడి ఖాళీ అయింది. మురుగుకాల్వ పక్కది. దాన్ని మెర్లీన్‌కి ఇస్తే, నల్లావిడ కాబట్టి కాల్వ పక్కకి తోశారని లోకం అనుకోదూ? ఆవిడ గౌరవానికి భంగం కలగకూడదని ఆ మడిని జాబితాలో తర్వాత ఉన్న నైజెల్‌కి ఇచ్చాం. తర్వాత గేటు పక్కనే ఉన్న ఆరో మడి ఖాళీ అయింది. అది ఇస్తే, దారినపోయేవాళ్లు చూడాలని ఆవిణ్ణి ముందు పెట్టారనరా? అదీ అవమానమే. కాబట్టి దాన్ని కీత్ బావమరిది తీసుకున్నాడు, చాలా బరువైన మనసుతో. కీత్ మా ఉపాధ్యక్షుడు. నాలుగేళ్ల తర్వాత ఇరవై రెండో మడి ఖాళీ అయింది. అది కాల్వకీ దూరం, గేటుకీ దూరం, కీత్ మడికి మాత్రం ఆనుకుని ఉంటుంది.

"నాకైతే ఏ పట్టింపూ లేదు," అన్నాడు కీత్. "మా పళ్ల డాక్టరు పాకిస్తాన్ ఆయనే. నోట్లో చెయ్యి పెట్టనిస్తున్నానా లేదా? నా బాధంతా ఆవిడ గురించే. మన మధ్య ఆవిడ ఇబ్బంది పడుతుందేమో!"

"అడిగితే పోలా?" అన్నాను నేను.

గదిలో అందరూ నావైపు చూశారు. నేను బిస్కెట్ల డబ్బా మూత పెట్టాను.

అడగడం మొరటుతనమని తేలాక ఉపసంఘం వేశాం. పేరు సాంస్కృతిక సున్నితత్వ ఉపసంఘం. సభ్యులు అయిదుగురు, అయిదుగురమూ మేమే. కీత్ ఇంటి వెనక అద్దాల గదిలో నెలకోసారి కలిసి ఆవిడ కోసమే ప్రత్యేకంగా ఒక వాతావరణ అనుకూలతా ప్రశ్నావళి తయారుచేశాం. "మా నేల మీకు మరీ చల్లగా అనిపిస్తుందా?" అన్నది నాలుగో ప్రశ్న. "నేలకి అనిపిస్తుందేమో. నాకు బూట్లున్నాయి" అని ఆవిడ రాసింది. "మీ వైపు కూరలేం పండిస్తారు?" అన్నదానికి "బంగాళాదుంపలు, లీకులు, చిక్కుళ్లు" అని రాసింది. (లీకులంటే మా ఇంగ్లండులో ఇంటింటా వండే లావుపాటి ఉల్లికాడలు.) ఉపసంఘం కాస్త నిరుత్సాహపడింది. అంతకన్నా రంగురంగులవేవో ఊహించుకున్నాం. ఈలోగా ఇరవై రెండో మడి జాబితాలో తర్వాతివారికి వెళ్లిపోయింది.

ఆ మధ్యలో పురపాలక సంఘం వారు మా కరపత్రం మీద అన్ని రకాల ముఖాలూ కనబడాలన్నారు. మా దగ్గర ఉన్నది ఒకే రకం. హిలరీ స్వయంగా మెర్లీన్ ఇంటికి వెళ్లి బతిమాలి తీసుకొచ్చి, తన క్యాబేజీల మధ్య నిలబెట్టి, చేతికి నీళ్ల డబ్బా ఇచ్చింది. ఫోటో అద్భుతంగా వచ్చింది. కింద "మా సభ్యులు" అని అచ్చువేశాం. సభ్యురాలు కాని మనిషి అంత నిండుగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

మెర్లీన్ పేరు రాయించుకున్న తొమ్మిదో ఏట ముసలి ఆల్ఫ్ పోయాడు. పద్నాలుగో మడి ఖాళీ అయింది. ఆ ఏడు వార్షిక సమావేశంలో మెర్లీన్ వెనక వరసలోంచి లేచి నిలబడింది.

"పద్నాలుగో మడి నాకిస్తారా, ఇవ్వరా? ఏదో ఒకటి చెప్పండి చాలు."

మా సంఘం చరిత్రలో అంత మొరటు సంఘటన మరొకటి లేదు. ఎవరికి వారు బూట్లవైపు చూసుకున్నారు.  చివరికి హిలరీ తేరుకుని, "సూత్రప్రాయంగా ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటానండీ" అంది. అందరం బల్లలు చరిచాం. కీత్ అయితే లేచి నిలబడి మరీ చరిచాడు.

సూత్రప్రాయంగా అన్న మాట మా దేశంలో ఎందుకు వాడతారో మెర్లీన్‌కి తెలియక కాదు. డెబ్బై ఏళ్లు ఇక్కడే బతికింది. అయినా సోమవారం పొద్దున్నే పార భుజాన వేసుకుని వచ్చి, పద్నాలుగో మడిలో దిగి తవ్వడం మొదలుపెట్టింది.

మేము షెడ్డు వెనక నిలబడి చూశాం. ఆపాలంటే వెళ్లి ఏదో ఒకటి అనాలి. ఏమనాలి? "మీకు ఇవ్వలేదు" అనాలి. అప్పుడు ఆవిడ "ఎందుకివ్వలేదు?" అంటుంది. ఆ ప్రశ్నకి మా దగ్గర ఉపసంఘం ఉంది కానీ జవాబు లేదు. కాబట్టి చెయ్యి ఊపి, "భలే ఎండండీ ఇవాళ!" అని ఇళ్లకు వెళ్లిపోయాం.

రెండేళ్లు అలా గడిచాయి. ఆ నేలను ఆల్ఫ్ పాతికేళ్లలో అంత గుల్లగా ఎన్నడూ ఉంచలేదు. పంట చేతికొచ్చినప్పుడల్లా ఆవిడ సంచులు కట్టి అందరి షెడ్ల గడియలకీ తగిలించేది. నేను రోజూ పొద్దున ఏదో వంక పెట్టుకుని అటు వెళ్లేవాణ్ణి. నా లీకులు ఎందుకు సన్నగా పుల్లల్లా వస్తున్నాయో ఆవిడే చెప్పింది.

"లోతుగా నాటు డెస్ నాయనా. భయపడుతూ నాటితే అలాగే వస్తాయి."

నాకు ఆవిడంటే ఇష్టం. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అనలేదు. మా వాళ్లం అటువంటివి అనం.

ఈ ఏడు మే నెలలో పురపాలక సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, ఖాళీ మళ్లన్నీ నెలలోగా నింపాలని. మా రిజిస్టరులో ఒక్కటే ఖాళీ. పద్నాలుగు.

"మెర్లీన్ పేరు రాసేస్తే పోయె," అన్నాను. నిజంగానే అన్నాను.

"ఎలా రాస్తావు?" అన్నాడు కీత్. "జాబితాలో ఆవిడ పేరు లేదుగా. తొమ్మిదో నిబంధన. ఏదో ఒక మడి సాగుచేస్తున్నవాళ్ల పేరు జాబితాలోంచి కొట్టెయ్యాలి. కొట్టేసింది నువ్వే."

"మరి సాగుచేస్తున్నట్టు రిజిస్టరులో రాద్దాం."

"రెండేళ్లు అనుమతి లేకుండా తవ్విందని రాస్తామా?" హిలరీ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఒక నల్లజాతి మహిళ మీద అభియోగమా? మన సంఘంలోనా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగనివ్వను!"

ఆ విధంగా, జాతి వివక్షకు తావివ్వకూడదన్న ఒకే ఒక్క కారణంతో, పద్నాలుగో మడిని టోబీ, ఇమొజెన్ అనే యువ దంపతులకు ఇచ్చాం. వాళ్లు మార్చిలో లండన్ నుంచి వచ్చారు. దరఖాస్తు పెట్టిన పదకొండో రోజున ఉత్తరం అందింది. వాళ్లది ఏ ఊరని ఎవరూ అడగలేదు. సంతకం నాది.

మెర్లీన్‌కి చెప్పే బాధ్యత కూడా నాకే అప్పగించారు. నేను పది రోజులు ప్రతి పొద్దునా వెళ్లి లీకుల గురించి మాట్లాడి వచ్చాను.

శనివారం టోబీ, ఇమొజెన్ మెరిసే కొత్త బూట్లతో వచ్చేశారు. మెర్లీన్ మోకాళ్ల మీద కూర్చుని మట్టి ఎగదోస్తోంది. బంగాళాదుంపలు తెల్లగా పూతమీదున్నాయి.

"అబ్బ, ఎంత బాగా ఉంచారండీ!" అంది ఇమొజెన్ మనస్ఫూర్తిగా. "మీరు ఇక్కడ పనిచేస్తారా?"

మెర్లీన్ ఆ పిల్ల చేతిలో ఉన్న ఉత్తరం వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. లేచి మోకాళ్లు దులుపుకుంది.

"చెప్పు డెస్. ఈ మడి ఎవరిదో చెప్పు వీళ్లకి."

నేను గొంతు సవరించుకున్నాను.

"కాగితాలు నాకక్కర్లేదు. మీ కమిటీ కూడా అక్కర్లేదు. నువ్వు రోజూ చూశావు కదా. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పు, ఇది మెర్లీన్‌ది అని. ఆ పిల్లలు మంచివాళ్లలాగే ఉన్నారు, వింటారు."

నిజమే, విని ఉండేవారు. ఆ రెండు మాటలూ నా నోటిదాకా వచ్చాయి.  టోబీ నావైపు చూస్తున్నాడు. మా కీత్ షెడ్డు వెనక నుంచి చూస్తున్నాడు.

"వర్షం వచ్చేలా ఉంది" అన్నాను.

మెర్లీన్ ఆకాశం వైపు చూడలేదు.  "క్షమించండి" అన్నాను. క్షమాపణలో ప్రపంచంలో మమ్మల్ని మించినవారు లేరు కాబట్టి ఏడుసార్లు అన్నాను. ఆవిడ పారకంటిన మట్టిని గడ్డికి తుడిచి, భుజాన వేసుకుని నడిచింది. ఇమొజెన్ చక్రాల బండి తోసుకుంటూ రెండో విడత సామాను తెస్తుంటే, గేటు తెరిచి పట్టుకుని ఆ అమ్మాయికి దారిచ్చింది.

ఆ రోజు సంఘం పుస్తకంలో నివేదిక రాసింది నేనే: "పద్నాలుగో మడి అప్పగింత స్నేహపూర్వక వాతావరణంలో జరిగింది. ఎవరూ ఏమీ అనలేదు."