దేవగన్నేరు హత్య

"ఒరేయ్ బావమరిదీ! నా మెదడులాంటి మెదడు ఈ భూమ్మీద ఇంకొకటి ఉంటే, దాన్ని కనిపెట్టడానికి కూడా నా మెదడే కావాలి!"

పొద్దున్నే పెరట్లో నిలబడి ఈ ప్రకటన చేసినవాడు మా బావ. కళ్లజోళ్ల దుకాణం ఆయన వృత్తి, నేర పరిశోధన ఆయన జబ్బు. పక్కన మగ్గు పట్టుకుని తలాడించినవాణ్ణి నేను. మేడ మీద గదిలో ఉంటూ, అక్క చేతి వంట తింటున్న పాపానికి ఆయనకు అసిస్టెంటుగా కుదిరాను. ఇద్దరిలో ఎవరు పెద్ద వెర్రివాడో ఇంతవరకూ తేలలేదు.

హతురాలు అక్క పెంచుకున్న దేవగన్నేరు చెట్టు. పాత ఇంట్లో తొట్టిలో, వంటింటి కిటికీ పక్కన వెచ్చగా ఉండి ఏడాది పొడుగునా పచ్చగా కళకళలాడేది. ఈ ఇంటికొచ్చాక నేలలో పాతాం. చలి మొదలవగానే ఆకులన్నీ రాల్చేసి మోడైపోయింది.

అది మామూలు చెట్టు కాదు. పెళ్లైన కొత్తలో అక్కకు పూలు తెస్తానని వెళ్లిన బావ, కొనడం మర్చిపోయి, దారిలో ఎవరో నరికి పడేసిన కొమ్మ ఒకటి పట్టుకొచ్చాడు. "ఇందులో పూలున్నాయోయ్, కాస్త ఆగు" అని బుకాయించాడు. అక్క నమ్మి నాటింది. నిజంగానే పూసింది. బావ మాటల్లో నిజమైంది అదొక్కటే కాబట్టి అక్కకు ఆ చెట్టంటే ప్రాణం. ఇప్పుడా మోడును రోజూ చూడలేక, కొట్టించేద్దామని రంపం మనిషికి కబురు పెట్టింది. అతను వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు కూడా.

"ఆగవయ్యా! శవాన్ని కదిలిస్తే సాక్ష్యాలు చెదిరిపోతాయి!" అని బావ దుకాణం నుంచి తెచ్చిన భూతద్దంతో బురదలోకి వంగాడు. "దొరికింది! పాదముద్ర! మడమ అరిగిన చెప్పు. హంతకుడు లావుపాటివాడు, నడిచేటప్పుడు ముందూవెనకా చూసుకోడు."

"బావా, అది నీ చెప్పే."

"అంటే ఆ దుర్మార్గుడు నా చెప్పులు దొంగిలించి మరీ వచ్చాడన్నమాట!"

"మీ కాళ్లకే ఉన్నాయి కదండీ," అంది అక్క నీరసంగా.

"తిరిగి తొడిగి వెళ్లాడు. ఎంత తెగింపు!"

ఈ గోలకు పక్కింటి సంగీతం టీచరుగారు గోడ మీదుగా తొంగిచూశారు. బావ గిర్రున తిరిగాడు.

"రండి, రండి! ఈ చెట్టు ఆకులు మీ వాకిట్లో పడుతున్నాయని మొన్న విసుక్కున్నారా లేదా?"

"విసుక్కున్నాను అన్నయ్యగారూ. చీపురు పట్టేది నేనే కదా."

"విసుగు, పగ, విషం! మూడు మెట్లు!"

"సార్, నాకింకో చోట పనుంది," అన్నాడు రంపం మనిషి.

అక్క చెట్టు వైపు చూడకుండా కొంగు దోపుకుంది. "కానీ బాబూ, కొట్టెయ్. ఎప్పటికైనా తప్పదు."

బావ మొహం పాలిపోయింది. అయితే ఆయన బాధపడినా డిటెక్టివుగానే బాధపడతాడు.

"ఆగండి! అసలు హంతకుడు ఈ పెరట్లోనే ఉన్నాడు!" అంటూ చెయ్యి గాల్లోకి లేపి, అందరినీ ఒకసారి చూసి, నాటకీయంగా ఒకడుగు వెనక్కి వేశాడు.

అక్కడ బురద. చెట్టు మీద జాలికొద్దీ పూటపూటా నేను మగ్గులకు మగ్గులు పోసి తయారుచేసిన బురద. బావ జర్రున జారి, చెట్టును కావిలించుకుని, కొమ్మతో సహా కూలబడ్డాడు.

విరిగిన చోటునుంచి తెల్లటి పాలు బొటబొటా కారి ఆయన చొక్కా తడిపేశాయి.

"పాలు కారుతున్నాయే! బతికే ఉందమ్మా!" అని అరిచారు టీచరుగారు.

అక్క ఒక్క పరుగున వచ్చి మిగతా కొమ్మలు తడిమింది. చివర గోటితో గీకితే లోపల పచ్చగా ఉంది. "చచ్చిపోలేదండీ! చలికి ఆకు రాల్చి పడుకుంది. పాత ఇంట్లో వెచ్చగా ఉన్నన్నాళ్లూ దానికి చలేంటో తెలియలేదు, మనకూ తెలియలేదు." అంతలో కాలికింద బురద చూసి నా వైపు తిరిగింది. "నిద్రపోయే చెట్టుకు ఇన్ని నీళ్లేవిట్రా? ఇంకొన్నాళ్లు పోసుంటే వేళ్లు కుళ్లి నిజంగానే చచ్చుండేది!"

బావ బురదలోంచే వేలెత్తాడు. "చెప్పానా? హంతకుడు వీడే! నాకు ముందే తెలుసు!"

నేను మగ్గు వీపు వెనక దాచుకున్నాను. రంపం మనిషి నవ్వుతూ వెళ్లిపోయాడు.

బావ లేచాడు. పాలు తగిలిన చోటల్లా గోక్కుంటూ, విరిగిన కొమ్మను అక్క ముందుకు చాపాడు. ఆ మొహంలో డిటెక్టివు లేడు.

"ఇందులో పూలున్నాయోయ్," అన్నాడు మెల్లగా. "కాస్త ఆగు."

అక్క కళ్లు తుడుచుకుని కొమ్మ అందుకుంది. "ఆగడం నాకు కొత్తా ఏవిటి?" అంటూనే నవ్వేసి, గాయం ఆరాక నాటడానికని దాన్ని నీడలో ఆనించింది.

నా మగ్గును మాత్రం బావ మారణాయుధం కింద స్వాధీనం చేసుకున్నాడు.