నున్నటి కాయల చట్టం

ఒక పెద్ద అడవిలో వేసవి గడవాలంటే అడవి చిక్కుడే దిక్కు. దాని కాయలు చూపుకి ఆనవు. గింజకీ గింజకీ మధ్య నడుము బిగించినట్టు నొక్కు, ఒళ్ళంతా గరుకు నూగు. అయినా వాగు ఎండిపోయాక జింకలూ కుందేళ్ళూ కోతులూ ఆ గింజలతోనే బతికేవి.

ఒకరోజు అడవి సభ అధ్యక్షుడు ఏనుగు భూధరయ్య తనిఖీకి వచ్చి ఒక కాయను తొండంతో తడిమాడు. నూగు గుచ్చుకుంది. మూడు రోజులు తుమ్ముతూనే ఉన్నాడు. ఆఖరి తుమ్ముకి సభామండపం పైకప్పు లేచిపోయింది.

"ఈ కాయలకి క్రమశిక్షణ లేదు," అన్నాడు.

"చిత్తం. సంస్కరణ సంఘం వేద్దాం. ఒక నిపుణుణ్ణి పెడదాం," అన్నాడు కార్యదర్శి నక్క జంబులింగం.

ప్రకటన వేస్తే ఒక్క దరఖాస్తే వచ్చింది. అదీ ఆకుని కొరికి రాసింది. వెనకే పచ్చగా, బొద్దుగా కాయతొలుచు పురుగు వచ్చాడు.

"అనుభవం?" అడిగాడు జంబులింగం.

"పుట్టిన దగ్గర్నుంచీ కాయల్లోనేనండి. పద్దెనిమిది రోజులు. మా వాళ్ళలో ఇది పింఛను వయసు."

సభ నోరెళ్ళబెట్టింది.

"కాయల్లో లోపం ఏమిటంటారు?"

"గోడలండీ, గోడలు! గింజకో గది. ఒక గింజని తిన్నాక... క్షమించాలి, పరిశీలించాక, పక్క గదికి పోదామంటే దారే లేదు. బయటికొచ్చి మళ్ళీ దూరాలి. బయట పిట్టలు! ఇక ఆ నూగు... మా పసివాళ్ళు అందులో చిక్కుకుని ఆకలితో పోతున్నారు."

కన్నీళ్ళు తుడుచుకోబోయాడు. పదహారు కాళ్ళున్నా ఒక్కటీ కంటికి అందలేదు. భూధరయ్య కరిగిపోయాడు.

అడవికి విత్తనాలు దాచిపెట్టే ఉడుత పేరమ్మ లేచింది. "అయ్యా, ఆయన లోపాలన్నవే మనకి కాపలా. పురుగు ఒక గింజ తిన్నా తక్కినవి మనకి మిగిలేది అందుకే."

"నువ్వెప్పుడైనా కాయలో కాపురమున్నావా?" అన్నాడు జంబులింగం.

"లేదు."

"మరి కూర్చో."

చట్టం వచ్చింది. పాత తీగలు పీకెయ్యాలి. వాగు అవతల పురుగుగారు చూపించిన నున్నటి, తిన్నటి, లోపల గోడల్లేని కాయల విత్తనమే వెయ్యాలి.

తీగలు పీకుతుంటే పేరమ్మ నాలుగు గింజలు బుగ్గల్లో కుక్కుకుంది.

"ఏమిటా బుగ్గలు?" అడిగాడు జంబులింగం.

"ఉఁ... ఉఁ..." అంటూ పేరమ్మ దవడ పట్టుకుంది.

"పంటినొప్పి కాబోలు," అని వదిలేశాడు.

ఎండాకాలానికి కొత్త కాయలు మిలమిలలాడాయి. భూధరయ్య పూలదండ వేసుకుని మొదటి కాయ విప్పాడు. గింజ లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా పురుగులు వరుసగా నిలబడి స్వాగతం చెప్పాయి. రెండో కాయలోనూ స్వాగతమే. వందో కాయ దాకా స్వాగతాలే.

"పిలవండి ఆ నిపుణుణ్ణి!"

"ఆయనకి రెక్కలొచ్చాయండి. పక్క అడవి వాళ్ళు సలహాకి పిలిస్తే ఎగిరి వెళ్ళారు," అన్నాడు జంబులింగం.

పదిరోజులకి జింక గౌరమ్మ కూన కాళ్ళు నిలవక కూలబడింది. బెరడు నమిలి నోట్లో పెట్టినా మింగలేదు. పేరమ్మ చూడలేకపోయింది. చట్టమంటే భయమే. అయినా, "బిడ్డను లేపుకుని నా వెంట రావే," అంది.

కొండ బండల వెనక పాత తీగ అల్లుకుని ఉంది. అవే నొక్కులు, అదే నూగు. అక్కడో గింజకి ఇక్కడో గింజకి చిల్లు పడింది, తక్కినవన్నీ గట్టిగా ఉన్నాయి. కూన గుప్పెడు గింజలు నమిలి, తూలుతూ లేచి నిలబడింది. గౌరమ్మ పేరమ్మ వీపు నాకింది.

మర్నాటికి అడవంతా బండల వెనకే. ముందు వరుసలో భూధరయ్య. కడుపు నిండాక అక్కడే సభ పెట్టాడు.

"నిషేధించిన కాయ పెంచినందుకు పేరమ్మకి కఠిన శిక్ష వెయ్యాలి," అన్నాడు జంబులింగం, పళ్ళ సందున ఇరుక్కున్న తొక్క తీసుకుంటూ.

"ఏం వేద్దాం?" అన్నాడు భూధరయ్య.

"ఏటా దీనికి పదింతలు పెంచాలి."

"చిత్తం," అని పేరమ్మ తల వంచుకుంది, నవ్వు కనబడకుండా.

నీతి: పురుగు సలహా తప్పకుండా తీసుకోవాలి, అది ఏ కాయని తిడితే ఆ కాయనే నాటాలి.