నీటికోడి గుడ్లు, కంచరగాడిద సర్టిఫికెట్

ఒక పెద్ద అడవిలో దేనికీ కొరత లేదు, దోమలకు అసలే లేదు. సామాన్య జంతువుల్ని కుట్టినన్నాళ్లూ వాటి సంగతి ఎవరికీ పట్టలేదు. ఒకరోజు నిండు సభలో సింహం గారి చెవిలో ఒకటి దూరింది. ఇక చూడండి, అడవికి ఆరోగ్యం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది!

సభకు కార్యదర్శి నక్క పరబ్రహ్మం. అడవి అంచున మనుషులు పారేసిపోయిన నీలం పీపాలు అతని కంటబడ్డాయి. వాటిలో ఏముందో ఎవరికీ తెలియదు. ఒక్క చుక్క పడితే చీమల బారంతా చచ్చింది, అంతవరకే తెలుసు.

"ఇంకేం తెలియాలి ప్రభూ!" అని కోతుల చేత పీపాలు దొర్లించి చెరువులో పోయించాడు. వారం తిరిగేసరికి దోమల్లేవు. సింహం గారు హాయిగా గుర్రు పెట్టారు. పరబ్రహ్మానికి దండలే దండలు. మన చుక్కమ్మ కూడా ఓ తామరపువ్వు తెచ్చి ఇచ్చింది, పిచ్చితల్లి.

చుక్కమ్మ నీటికోడి. చెరువు జమ్ములో కాపురం. కొత్తగా పెళ్లయింది, పిల్లలంటే ప్రాణం. ఆరు గుడ్లు పెట్టి, అప్పుడే ఆరు పేర్లూ పెట్టేసింది. తీరా పొదగడానికి కూర్చుంటే చిట్, చిట్, చిట్... ఆరూ చితికిపోయాయి. పెంకులు చూస్తే ఉల్లిపొరలు!

"తొలిచూలు కదే, ఒక్కోసారి అంతే" అంది అత్తగారు.

రెండోసారి పెట్టింది. ఊపిరి బిగబట్టి కూర్చుంది. అవీ అంతే అయ్యాయి. చుక్కమ్మ ఏడ్చిన ఏడుపుకు జమ్మంతా ఊగింది.

అది విని పక్కింటి కప్ప జోగారావు వచ్చాడు. "వదినా, నీ బాధ నువ్వు ఏడ్చయినా చెప్పుకుంటున్నావు. నాది చెప్పుకుంటే సిగ్గు. వాన పడితే బెకబెకమని ఆడకప్పను పిలవాల్సినవాణ్ణా, గొంతే పెగలడం లేదు. నిన్న ఇంకో మగకప్ప నన్ను చూసి పాట ఎత్తుకున్నాడు వదినా!"

చుక్కమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "పీపాలు పోయకముందు ఇట్లా ఉండేదా మరిదీ?"

"ఛఛ, అప్పుడు నా పాటకు చెరువు దద్దరిల్లేది!"

"అయితే పద, సభలోనే తేల్చుకుందాం."

సభలో పరబ్రహ్మం తొణకలేదు, బెణకలేదు. "అనుమానమొస్తే నిపుణుణ్ణి అడగాలి" అని డాక్టర్ కంచరగాడిద గారిని పిలిచాడు. ఆ జాతికి పిల్లలు పుట్టరని లోకమంతటికీ తెలుసు. కానీ గొంతు గంభీరంగా ఉంటుందండీ, నిపుణుడికి అది చాలదూ?

"నేను రోజూ ఆ నీళ్లే తాగుతున్నాను" అన్నాడాయన గొంతు సవరించుకుని. "నాకు పిల్లలు లేరు, నిజమే. అయితే మందు పోయకముందు కూడా లేరు! కాబట్టి మందు వల్ల తేడా ఏమీ లేదని శాస్త్రీయంగా రుజువైంది."

చప్పట్లు! సర్టిఫికెట్ మీద సింహం గారి పంజా ముద్ర కూడా పడిపోయింది.

"మరి నా గుడ్లు?" అంది చుక్కమ్మ.

"నీ కూర్చోవడంలో లోపం" అన్నాడు నక్క. అప్పటికప్పుడు పొదిగే తల్లులకు శిక్షణ శిబిరం పెట్టించాడు. గురువు ఎవరనుకున్నారు? కోకిలమ్మ! జన్మలో గుడ్డు మీద కూర్చున్న పాపాన పోలేదు ఆ మహాతల్లి. కాకి గూట్లో పెట్టేసి పాటలు పాడుకునే రకం. "ముందుగా గుడ్డు మీద మమకారం తగ్గించుకోండమ్మా" అని మొదటి పాఠం చెప్పింది. రెండో పాఠం చెప్పలేదు, కచేరీ ఉందని వెళ్లిపోయింది.

అదే ఊపులో పరబ్రహ్మం ఓ చట్టం కూడా చేయించాడు. సంతానం నిలుపుకోలేని తల్లి చెరువు వదిలి కొండెక్కాలి. కొండ మీద బండలు, ఓ చిన్న ఊట, బోలెడు దోమలు. మొదటి శిక్ష చుక్కమ్మకే పడింది. వానలు వెనకబట్టేలోపు ఇంకొక్క కాన్పుకు మాత్రం వ్యవధి ఉంది. అదీ పోతే ఆ ఏటికి ఇక ఒడి నిండదు. బతికుంటే బలుసాకు తినొచ్చని మొగుణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కింది.

రెండు నెలలు ఊటనీళ్లు తాగింది. ఐదు గుడ్లు పెట్టింది. భయం భయంగా ముక్కుతో తట్టి చూసింది. టక్! మళ్లీ తట్టింది. టక్కుమంది! మూడు వారాలు కదలకుండా కూర్చుంది. ఒక ఉదయం ఐదు పెంకులూ పగిలి ఐదు నల్లటి బొచ్చు ఉండలు కియ్యోమంటూ బయటికొచ్చాయి.

చుక్కమ్మ బండ మీద గంతులే గంతులు! దోమలు కుడుతుంటే, "కుట్టండమ్మా, కుట్టండి, మీకూ పిల్లలుంటాయి" అంది.

కబురు కిందికి పాకింది. "చూశారా ప్రభూ, మన శిక్షణ ఫలితం!" అన్నాడు పరబ్రహ్మం. మేళతాళాలతో ఊరేగింపు కొండెక్కింది. ముందు సింహం గారు, రాణీగారు. వెనకాల కోతులు దొర్లించుకొస్తున్న కొత్త పీపా.

"పసివాళ్లకు దోమల బాధ తగదు. సభవారి కానుక! ఊటలో పోయండర్రా!" అని కేకేశాడు నక్క.

చుక్కమ్మ పరుగున పోయి ఊటకు అడ్డంగా రెక్కలు చాచింది. "పోస్తే నా మీద పోయండి!"

సింహం గారు గుర్రుమన్నారు. చుక్కమ్మ అటు చూడనే లేదు. తిన్నగా రాణీగారినే అడిగింది. "అమ్మా, మీ పెళ్లయి ఎన్నాళ్లయింది?"

సింహం గారు ఆకాశం కేసి చూశారు. రాణీగారి కళ్లు చెమర్చాయి. "ఏడాది. పీపాలు పోసిన నెలలోనే."

"అయితే ఇక్కడే ఉండి ఈ నీళ్లు తాగండి. మీ కాన్పయ్యాక కూడా పోయాలనిపిస్తే, మీ చేత్తోనే పోయండి. నేను అడ్డు రాను."

నక్క ఎగిరిపడ్డాడు. "అమ్మగారూ, ఇది శిక్ష పడ్డవాళ్ల చోటు!"

"నాకసలు కాన్పే లేదు. చట్టంలో నా పేరు రాయడం మరిచిపోయావా, భయపడ్డావా?" అంటూ రాణీగారు ఊట పక్కన చతికిలబడ్డారు. ఏం చేస్తారు, సింహం గారూ పక్కనే కూలబడ్డారు.

చలికాలం దాటేసరికి రాణీగారికి రెండు కూనలు. మర్నాడే సభ, మధ్యాహ్నానికే తీర్మానం, సాయంత్రానికల్లా పీపాలన్నీ అడవి బయట. వాటిని దొర్లించింది స్వయానా పరబ్రహ్మమే.

"మా గుడ్లు పగిలినప్పుడు ఈ తొందర ఎక్కడికి పోయింది ప్రభూ?" అని చుక్కమ్మ అడిగింది. సింహం గారు కూనకు లాలపోస్తూ వినిపించుకోలేదు.

నీతి ఒక్కటే: మీ ఊరి నీళ్లు చెడితే సభకు అర్జీలు పెట్టి అలిసిపోకండి, ఓ బిందెడు నీళ్లు రాజుగారి అంతఃపురానికి పంపండి.