కొంగు మీద తొమ్మిది పిల్లులు

చంద్రిక తన కుట్టు దుకాణం షట్టరు ఎత్తి, బల్ల మీద మడత పెట్టి ఉన్న వంగపండు రంగు పట్టుచీరను విప్పిన మరుక్షణం, అందులోంచి ఆమెకు అవతలి గోడ కనిపించింది, అదీ పిల్లి ముఖం ఆకారంలో.

ముందు కళ్లు నులుముకుంది. గోడ అక్కడే ఉంది. పిల్లి కూడా అక్కడే ఉంది. రెండు చెవులు, గుండ్రటి బుగ్గలు, కింద చిన్న గడ్డం. ఇంకో మడత విప్పింది. మొదటి పిల్లికి జానెడు దూరంలో రెండోది. కొంగును మడిచి, రెండు పొరలూ కలిపి ఎవరో కత్తెర ఆడించారు.

నిజానికి ఆ రోజుకు ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. సుశీలమ్మ చీరకు ఫాల్ నిన్న సాయంత్రమే కుట్టేసింది. పొద్దున్నే వచ్చి లోపలి చివరన ఉన్న రైక ముక్క కత్తిరించి, అంచుకు పీకో కొట్టి, ఇస్త్రీ చేసి, పదింటికి కారు వచ్చి ఆగితే చేతిలో పెట్టాలి. పదకొండున్నరకు తూప్రాన్‌లో సుశీలమ్మ చెల్లెలు అరుణ కూతురి నిశ్చితార్థం. చీర వెళ్లిపోయాక, మిగతా పూటంతా చంద్రిక తన పిల్లి పర్సులు కుట్టుకోవచ్చు.

ఆ పర్సులంటే ఆమెకు ప్రాణం. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో అరచేతిలో ఇమిడే చిల్లర పర్సు, పిల్లి ముఖంలా, రెండు చెవుల మధ్య జిప్పుతో. పాత శుభలేఖ అట్టతో పిల్లి నమూనా కత్తిరించి పెట్టుకుంది. బస్టాండుకు పోయే ఆడవాళ్లు గుమ్మం పక్కన వేలాడే పర్సులు చూసి ఆగుతారు, కొంటారు. ఇప్పుడు అదే అట్ట మిషన్ పక్కన పడి ఉంది. దాని చెవికి వంగపండు రంగు పట్టుపోగు ఒకటి అంటుకుని ఉంది.

చంద్రిక అట్ట పిల్లిని తీసి చీర రంధ్రంలో పెట్టి చూసింది. డబ్బాకు మూతలా సరిపోయింది.

చీర ఎవరిదో కాదు. రాందాస్ చౌరస్తా దగ్గర ఆమె కొట్టు నడుపుకుంటున్న ఈ అద్దె మడిగె ఓనరు, ఒకప్పటి నాయకుడు మదన్ మోహన్ గారి భార్య సుశీలమ్మది. మడిగె మీద నెలరోజులుగా ఒక సెల్‌ఫోన్ దుకాణం వాళ్ల కన్ను పడింది. రెండుసార్లు వచ్చి టేపు పెట్టి కొలుచుకుని పోయారు. "నీ పని సక్కగున్నన్ని దినాలు నువ్వే ఉండు" అని సుశీలమ్మ మాటిచ్చింది. ఈ మడిగె పోతే మళ్లీ ఒంటిగది ఇంట్లో, వచ్చినవాళ్లను మంచం మీద కూర్చోబెట్టి కొలతలు తీసుకునే రోజులే. ఆరేళ్లు అలా చేసింది. ఇంకో ఆరు రోజులు చేయడం కూడా ఆమె వల్ల కాదు.

తాళం పగలలేదు. తాళంచెవులు మూడు. ఒకటి తన దగ్గర, ఒకటి అత్త యాదవ్వ కొంగుముడిలో, మూడోది ఓనరు ఇంటి బీరువాలో. ఆ మూడోదాని గురించి ఆలోచించే ధైర్యం ఆమెకు లేదు. రంధ్రం అంచులు మళ్లీ చూసింది. కత్తిరింపు వంకరటింకరగా ఉంది. కుట్టుకు పావు అంగుళం మార్జిన్ కూడా వదలలేదు. మిషన్‌లో నిన్న తాను వదిలిన ఆకుపచ్చ దారం తీసి ఎవరో ఎర్రది ఎక్కించారు. అంటే నేరస్థుడు ఇక్కడే కూర్చుని కుట్టాడు కూడా. ఇది దొంగ పని కాదు. నేర్చుకుంటున్నవాళ్ల పని.

అప్పుడే యాదవ్వ టీ ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది. హుక్కులు, కాజాల పని ఆమెదే.

"అత్తమ్మా, నిన్న నేను పోయినంక కొట్టు తెరిచినవా?"

యాదవ్వ ఫ్లాస్కును చాలా నెమ్మదిగా కింద పెట్టింది. "ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలన్న చెప్పనీ. తెరిచినవా లేదా?"

"జరన్ని గుడ్డ ముక్కలు తీసుకున్న. టమాట చెట్లకు కట్టనీకె. ఏడాది సంది తీసుకుంటున్న, ఇయ్యాల కొత్తగ అడుగుతున్నవేంది?"

"కత్తెర ముట్టినవా?"

"నాకు కత్తెరెందుకే. చింపనీకె పండ్లున్నయి కద."

చంద్రిక కొంగు పరిచి చూపించింది. యాదవ్వ చూసింది, వంగి మళ్లీ చూసింది, స్టూలు మీద కూలబడింది.

"ఎలుక కొట్టింది" అంది చివరికి.

"పిల్లి బొమ్మ కొరికే ఎలుక యాడుంటది అత్తమ్మా. అదీ రెండు."

"మరి పిల్లలెవలన్న దూరిండ్రేమో. నీ దగ్గర నేర్చుకుంటుందే, నిజాంపేట పిల్ల, ఆశా. మొన్న నా తాళంచెవి అడిగింది."

చంద్రిక వెంటనే ఆశాకు ఫోన్ చేసింది. గొంతు వీలైనంత మెత్తగా పెట్టింది. "ఆశా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు. నేనేం అనను."

అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం. "అక్కా, మీకు తెలిసిపోయిందా? మా దోస్తు జాకెట్ మీ మిషన్ మీద కుట్టిన. ఒక్కటే. కాదక్కా, మూడు."

"అది కాదు. పిల్లి సంగతి."

"అది గూడ తెలిసిందా?" ఆశా ఏడుపు పెద్దదైంది. "సక్కగ రాలేదక్కా. చెవులు కిందికి వచ్చినయి. ఎవలకు చూపియ్యకుండ దాచిపెట్టిన."

చంద్రిక గోడ పట్టుకుంది. "దేంతోని కుట్టినవ్?"

"మా నాయిన లుంగీతోని. ఆయన దాని కోసం ఇంక దేవులాడుకుంటనే ఉన్నడు. చెప్పకుండ్రి అక్కా, కాళ్లు మొక్కుత."

చంద్రిక ఫోన్ పెట్టేసింది. ఎనిమిదిన్నర. ఇప్పటికి మూడు నేరాలు బయటపడ్డాయి. తనకు కావలసింది మాత్రం దొరకలేదు.

"అసలు సంగతి సుశీలమ్మకు చెప్పేస్తే?" అంది చంద్రిక.

"ఏమని చెప్తవ్? నీ కొట్టు, నీ కత్తెర, నీ పిల్లి. ఎవలో చేసిండ్రంటే నేనే నమ్మ."

"నువ్వు నమ్మవా?"

"అత్తను గాబట్టి నమ్ముత. ఆమె ఓనరు."

ఆ మాటతో చంద్రిక నిర్ణయం తీసుకుంది. చీర లోపలి చివరన రైక ముక్క ఇంకా అలాగే ఉంది, బంగారు రంగు, జరీ మెరుపు. నిన్న సుశీలమ్మ కారు దిగకుండానే చీర అందిస్తూ, "చివరున్న ముక్క నాకొద్దు, మగ్గం పని జాకెట్ ఉంది. నీ పర్సులకు వాడుకో" అని చెప్పింది. దాన్ని సర్రున కత్తిరించింది. అట్ట పెట్టి రెండు బంగారు పిల్లులు గీసింది. ఈసారి మార్జిన్ వదిలింది. అంచులు లోపలికి మడిచి, రంధ్రాల మీద పెట్టి కుట్టింది.

దూరం జరిగి చూసింది. నిండు కొంగు మీద రెండే రెండు పిల్లులు. రెండు మాసికల్లా ఉన్నాయి.

"ఇంకోటి పెట్టు" అంది యాదవ్వ.

మూడోది పెట్టింది. ఇప్పుడు మూడు మాసికలు. నాలుగోదానికి వరస ఏర్పడింది, కానీ ఒక పక్కకు ఒరిగింది. సరిచేయడానికి ఐదు, ఆరు. యాదవ్వ అంచులు మడిచి అందిస్తోంది, చంద్రిక మిషన్ తొక్కుతోంది. గడియారం వైపు చూసినప్పుడల్లా సూది ఒక కుట్టు తప్పుతోంది. కొంగు ఈ చివర నుంచి ఆ చివరకు నిండాలంటే తొమ్మిది పిల్లులు కావాలని లెక్క తేలింది. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోదానికి ఒక చెవి కుట్టడం అయింది.

బయట కారు ఆగింది.

టైము తొమ్మిదీ ఇరవై.

"జర జల్దీనే పోదామనుకున్నం" అంటూ సుశీలమ్మ లోపలికి వచ్చింది. మిషన్ కింద ఉన్న చీరను చూసి ఆగిపోయింది. "ఏందిది?"

చంద్రిక మిషన్ కింద నుంచి కొంగు బయటకు లాగింది. "డిజైన్ అమ్మా. హైదరాబాద్‌ల ఇప్పుడు గిదే నడుస్తుంది. మీకని... చెప్పకుండ చేసిన."

"పెద్ద పెద్దోళ్లు గూడ పిల్లులే కట్టుకుంటుండ్రు" అని యాదవ్వ మాట కలిపింది. చంద్రిక ఆమె కాలు తొక్కింది.

సుశీలమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. కొంగు చేతిలోకి తీసుకుంది. ఒక్కో పిల్లినీ వేలితో తడుముతూ పోయింది. మొదటి రంధ్రం మీద ఆ వేలు ఆగినప్పుడు చంద్రిక ఊపిరి కూడా ఆగింది. వేలు ముందుకు కదిలింది.

"అరుణ కుళ్లి సస్తది" అంది సుశీలమ్మ తృప్తిగా.

చంద్రికకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది. కానీ సుశీలమ్మ అప్పటికే ఫోటో తీసి చెల్లెలికి పంపింది. అర నిమిషంలో వీడియో కాల్ వచ్చింది. తెర నిండా అరుణ, ఆమె వెనక పట్టుచీరల గుంపు.

"అక్కా, ఎవలు కుట్టిండ్రే? పెండ్లి పిలగాని తల్లి అడుగుతుంది, వాళ్లింట్ల ఆరుగురికి కావాల్నంట."

"మా మడిగెల ఉంటది, చంద్రిక. మనం చెప్తె కుడతది" అంది సుశీలమ్మ గర్వంగా.

ఇంకో ఆరు చీరలు. దేవుడా, ఇప్పుడు ఆరు కొత్త చీరల మీద కావాలని పిల్లులు కుట్టాలా?

"జర కొంగు తిప్పి చూపియ్యక్కా" అంది అరుణ. "వెనక ఫినిషింగ్ ఎట్లుందో చూస్తరంట."

"అమ్మా, వెనక ఇస్త్రీ కాలేదు" అంది చంద్రిక.

సుశీలమ్మ తిప్పేసింది.

వెనక ఏడు పిల్లులకు సన్నటి కుట్టు గీత మాత్రమే ఉంది. రెండింటి దగ్గర వంగపండు రంగు బట్టే లేదు. బంగారు రంగు కిటికీలు తెరుచుకుని ఉన్నాయి. సుశీలమ్మ ఒకదాంట్లో వేలు పెట్టింది. గోరు మాసిక గుడ్డకు తగిలింది.

ఆమె గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది. "చంద్రికా. ఇది డిజైనా?"

"కాదమ్మా."

"ఎవలు కోసిండ్రు?"

"తెల్వదమ్మా. పొద్దుగాల వచ్చి చూస్తే ఇట్ల ఉంది. అబద్ధం చెప్పిన, అది నా తప్పే. కోసింది మాత్రం నేను కాదు."

"నీ కత్తెర, నీ పిల్లి. నీకు తెల్వదు." సుశీలమ్మ కళ్లద్దాలు తీసి మడిచింది. "నెలాఖరుకు మడిగె ఖాళీ చెయ్. సెల్లు దుకానపోళ్లకు ఇయ్యాలనే ఫోన్ చేయిస్త."

చంద్రిక కళ్ల ముందు ఆ ఒంటిగది, ఆ మంచం, కొలతల కోసం తిరిగి నిలబడ్డ ఆడవాళ్లు. యాదవ్వ లేచి, టమాట చెట్లకు తీసుకున్న గుడ్డ ముక్కల నేరం కూడా ఒప్పుకోవడానికి సిద్ధపడుతోంది.

"ఫోన్ చెయ్యకు" అని గుమ్మం దగ్గర ఒక గొంతు వినిపించింది.

మదన్ మోహన్ గారు. కారులోంచి దిగి వచ్చాడు, తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. వేల మంది ముందు మైకు పట్టుకున్న మనిషి, ఇప్పుడు గుమ్మం దాటి రావడానికి కూడా తటపటాయిస్తున్నాడు. జేబులోంచి ఏదో తీసి కటింగ్ బల్ల మీద పెట్టాడు. వంగపండు రంగు పట్టుగుడ్డ ఉండ. లోపలి వైపు బయటకు ఉంది, చుట్టూ ఎర్రదారం కుట్లు పాకాయి, ఎక్కడో లోపల రెండు చెవుల లాంటివి ఉన్నాయి.

చంద్రిక చేయి దానంతట అదే ముందుకు పోయింది. ఉండను అటూ ఇటూ తిప్పి చూసింది. "జిప్పు మూసి కుట్టిండ్రు సార్" అంది, ఎవరితో మాట్లాడుతున్నదీ మరిచిపోయి. "జర తెరిచి పెట్టి కుట్టాలె. ఇగ ఇది బయటికి తిరగదు."

"అందుకేనా" అన్నాడాయన. "పొద్దుగాల్నుంచి గుంజుతున్న."

సుశీలమ్మ ఉండను చూసింది, భర్తను చూసింది. ఆమె చేతిలోని ఫోన్‌లోంచి "ఏమైందక్కా, బావ కుట్టిండా?" అని అరుణ గొంతు, దాని వెనక పదిమంది నవ్వు వినిపించాయి. సుశీలమ్మ ఫోన్ కట్ చేసింది. కొంగు వైపు ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూసింది.

"ఆ తొమ్మిదోదాని చెవి కుట్టు" అంది చంద్రికతో. "అందరు చూసేసిండ్రు, ఇంక వేరే చీర కట్టనీకె లేదు." తర్వాత భర్త వైపు తిరిగింది. "ఇగ మీరు చెప్పుండ్రి. మడిగె ఖాళీ చేయించాల్నా, వద్దా? ఓనర్ మీరే కద."

మదన్ మోహన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నేనే కోసిన సుశీలా. పోయిన సెలవులల్ల మన ఇషిత అడిగింది, తాతా నీకు చేతులతోని ఏమేం చెయ్యొస్తది అని. మస్తు సేపు ఆలోచించిన. నలభై ఏండ్ల సంది రిబ్బన్లు కత్తిరించుడే తప్ప ఏం చేసిన నేను? గదే చెప్పిన. గంతేనా అన్నది మనుమరాలు. ఆ పిల్లకు నా చేతులతోని ఒక్క పర్సన్న కుట్టియ్యాలనుకున్న. రెండు నెలల సంది వాకింగ్ అని చెప్పి, బీరువల తాళంచెవి తీస్కొని, ఐదున్నరకు గీడికే వస్తున్న. ఖిల్లా దిక్కు ఒక్కనాడు గూడ పోలే. డాక్టర్ బీపీ తగ్గిందన్నడు, నడక మంచిగ పనిచేస్తుందన్నడు, నేనేమనలే. నిన్న నువ్వు చివరున్న ముక్క వద్దన్నవ్, నేను పక్కనే కూసొని విన్న. ఇయ్యాల వచ్చి చివర చూసి కోసిన. చీరకు రెండు చివరలుంటయని నాకేం ఎరుక? కోసి కుట్టినంక జరీ చూసి అనుమానమొచ్చింది, మడతపెట్టి వచ్చేసిన. చంద్రిక తప్పేం లేదు. ఖాళీ మాత్రం చేయించకు. ఈడ సెల్లు దుకానం పెడితే, నేను నిజంగనే వాకింగ్‌కు పోవాల్సి వస్తది."